సెరిఫ్, సాన్స్, స్లాబ్... ఈ వర్గాలు తెలుగు ఫాంట్లకు పనికొస్తాయా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. గ్రంథాలయం వార్షిక సంచికకి పేజీలు కట్టాలి. డెమీ 1/8 సైజు, 96 పేజీలు, లోపల నలుపు ఒక్కటే, కవరు 4 రంగులు. మూడొంతుల మ్యాటర్ తెలుగు, మిగతాది ఇంగ్లీష్. తర్వాత అదే మ్యాటర్ వెబ్‌సైట్‌లోకి వెళ్తుంది. 10 అడుగుల ఫ్లెక్స్ కూడా ఒకటి ఉంది. ఫాంట్ల గురించి చదువుతుంటే ఓల్డ్ స్టైల్, ట్రాన్సిషనల్, డిడోన్, స్లాబ్, గ్రొటెస్క్ అంటూ వరసగా పేర్లు. వీటిని కంటితో ఎలా గుర్తుపట్టాలి, ఏది ఎక్కడ వాడాలి? ఇంకొకటి, నోటో సెరిఫ్ తెలుగు అని ఒక ఫాంట్ ఉంది. తెలుగు అక్షరంలో సెరిఫ్ ఎక్కడుందండీ?

అచ్చుతప్పు:
చివరి ప్రశ్న తర్వాత చూద్దాం, ముందు ఇంగ్లీష్ సంగతి. మీరు చదివిన పేర్లలో చాలావరకు మాక్సిమిలియన్ వోక్స్ అనే ఫ్రెంచి ఆయన 1954లో చేసిన విభజన నుంచి వచ్చాయి. 1962లో అంతర్జాతీయ టైపోగ్రఫీ సంఘం ఏటిపై దాన్ని స్వీకరించింది, 1967లో బ్రిటిష్ స్టాండర్డ్ 2961గా కూడా వచ్చింది. పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. అక్షరాన్ని 72 పాయింట్లకు పెంచి నాలుగు చోట్ల చూడండి.

మొదటిది వాలు. ఇంగ్లీష్ 'ఓ' అక్షరంలో అన్నిటికంటే పలచటి చోట్లు రెండుంటాయి. వాటిని కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. గీత ఎడమకు వాలితే ఓల్డ్ స్టైల్, దాదాపు నిటారుగా ఉంటే ట్రాన్సిషనల్, పూర్తిగా నిటారైతే డిడోన్.

రెండోది మందం తేడా, అంటే లావు గీతకీ సన్న గీతకీ మధ్య ఎంత ఎడం ఉందన్నది. ఓల్డ్ స్టైల్‌లో తక్కువ, డిడోన్‌లో విపరీతం.

మూడోది గీత కొస. అక్కడుండే చిన్న అడ్డగీతనే సెరిఫ్ అంటారు. అది కాండంలోకి, అంటే అక్షరం నిలువు గీతలోకి, వంపు తిరిగి కలుస్తోందా, వెంట్రుకలాంటి సన్న గీతగా లంబకోణంలో అతుక్కుందా, లేక కాండమంత లావు పలకలా ఉందా? పలకలా ఉంటే స్లాబ్. అసలు లేకపోతే సాన్స్.

నాలుగోది నోరు. చిన్నబడి 'సీ', 'ఈ', 'ఎస్' అక్షరాల్లో తెరిచి ఉన్న భాగం ఎంత విశాలంగా ఉంది? సాన్స్ ఫాంట్లలో ఒక రకాన్ని ఇంకో రకం నుంచి విడదీసేది ముఖ్యంగా ఇదే.

ఉదాహరణలు కావాలంటే: వెనిస్‌లో 1470లో ముద్రాపకుడు జెన్సన్ వాడిన అచ్చులు హ్యూమనిస్ట్ సెరిఫ్‌కి మూలం, వాటిలో చిన్నబడి 'ఈ' అడ్డగీత వాలుగా ఉంటుంది. 1495లో ఆల్డస్ మనూటియస్ ముద్రణాలయానికి గ్రిఫో చేసినవి, తర్వాత గారమాండ్ చేసినవి గారాల్డ్ వర్గం, అడ్డగీత సాపు అయింది. హ్యూమనిస్ట్, గారాల్డ్ రెండిటినీ కలిపే ఓల్డ్ స్టైల్ అంటారు. బాస్కర్‌విల్ 1757 నాటిది, ట్రాన్సిషనల్. 18వ శతాబ్దం చివర్లో వచ్చిన డిడో, బొడోని కలిస్తేనే డిడోన్ అన్న పేరు.

రోలర్‌సిరా:
అచ్చుతప్పు గారు చరిత్ర చెప్పారు, ప్రెస్సులో ఏం జరుగుతుందో నేను చెప్తా.

డిడోన్ వర్గాన్ని 70 జీఎస్ఎం మ్యాప్‌లితో (మామూలు పుస్తకాల తెల్ల కాగితం) మీద 9, 10 పాయింట్లలో లోపలి మ్యాటర్‌కి వాడొద్దు. సన్న గీతలు ప్లేటు మీదే పలచబడతాయి, చదివేవాళ్లకు నిలువు కర్రలు మాత్రమే కనిపిస్తాయి. నలుపు మీద తెల్ల అక్షరాలు వేస్తే ఇంకా ఘోరం. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి ఆ సన్న గీతల్ని మింగేస్తుంది. డిడోన్ శీర్షికలకి, 24 పాయింట్ల పైన, ఆర్ట్ పేపర్ మీద బాగుంటుంది. ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఉచిత ఫాంట్‌ని లోపలి మ్యాటర్‌కి పెట్టి పంపేవాళ్లు చాలామంది. పేరులోనే డిస్‌ప్లే అని ఉంది, అయినా వినరు. బొడోనియే కావాలని పట్టుబడితే బొడోని మోడా తీసుకోండి. దాంట్లో ఆప్టికల్ సైజ్ యాక్సిస్ ఉంది, చిన్న సైజుకి సన్న గీతలు కాస్త లావెక్కుతాయి.

న్యూస్‌ప్రింట్ లాంటి పీల్చే కాగితమైతే స్లాబ్ లేదా గట్టి ట్రాన్సిషనల్. సిరా కొంచెం పాకినా అక్షరం పోదు.

మీ సంచికకి ఇంగ్లీష్ భాగం గారాల్డ్‌లో పెట్టండి. ఈబీ గారమాండ్ ఉచితం. కానీ చిన్నబడి అక్షరాలు పొట్టిగా ఉంటాయి, 11.5 పాయింట్ల కంటే దిగొద్దు.

నిజాంపేట:
టైమ్స్ న్యూ రోమన్ ఏ వర్గం? ఒక చోట ట్రాన్సిషనల్ అని, ఇంకో చోట ఓల్డ్ స్టైల్ అని రాసిన్రు.

అచ్చుతప్పు:
రెండు మాటలకీ ఆధారం ఉంది. 1932లో లండన్ టైమ్స్ పత్రిక కోసం దాన్ని తయారు చేసినప్పుడు ప్లాంటిన్ అనే టైపు ఆధారం. ప్లాంటిన్‌కి మూలం 16వ శతాబ్దపు అచ్చులు, అంటే గారాల్డ్ వంశం. కానీ మందం తేడా పెంచి, సెరిఫ్‌లు పదును చేసేసరికి చూపు ట్రాన్సిషనల్ వైపు వెళ్లింది. ఏటిపై కూడా 2021లో ఈ వోక్స్ విభజనని పక్కన పెట్టేసింది. గ్రంథాలయంలో పుస్తకానికి ఒకే చోటు ఉండాలి కాబట్టి అక్కడ వర్గం కచ్చితంగా తేల్చాలి, ఫాంట్‌కి ఆ అవసరం లేదు.

ఇంకో మాట, టైమ్స్ ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టడానికి చేసింది. డెమీ 1/8లో ఒకే కాలమ్‌గా వేస్తే పేజీ దట్టంగా, బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. రెండు కాలమ్‌లైతే సరిపోతుంది.

వెబ్‌నేత:
సాన్స్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. వీటిలో నాలుగు రకాలు.

గ్రొటెస్క్: 19వ శతాబ్దపు పాత సాన్స్‌లు, 1898 నాటి ఆక్సిడెంజ్ గ్రొటెస్క్ లాంటివి. నియో గ్రొటెస్క్: 1957లో వచ్చిన హెల్వెటికా, యూనివర్స్. నోరు మూసుకుని ఉంటుంది, కొసలు అడ్డంగా కోసినట్టు ఉంటాయి. జామెట్రిక్: 1927 నాటి ఫ్యూచురా. 'ఓ' దాదాపు వృత్తం, చిన్నబడి 'ఏ' కూడా వృత్తం పక్కన కర్ర. హ్యూమనిస్ట్ సాన్స్: 1928 నాటి గిల్ సాన్స్, 1976 నాటి ఫ్రూటిగర్, 1996 నాటి వర్డానా. నోరు బాగా తెరుచుకుని ఉంటుంది.

చిన్న సైజులో, నాసిరకం స్క్రీన్ మీద, దూరం నుంచి చదవాల్సిన చోట హ్యూమనిస్ట్ సాన్స్ నెగ్గుతుంది. నోరు మూసిన ఫాంట్లో 'సీ' మసకబారితే 'ఓ' అయిపోతుంది, 'ఈ' కూడా అంతే. ఫ్యూచురా శీర్షికలో అందంగా ఉంటుంది. పేరాలో పెడితే 'ఏ', 'ఓ' ఒకదానికొకటి కలిసిపోయి కన్ను తడుముకుంటుంది.

సభ్యత్వ సంఖ్యలు, పాస్‌వర్డ్‌లు, పుస్తకాల కాల్ నంబర్లు ఉన్న చోట ఇంకో పరీక్ష పెట్టాలి. పెద్దబడి 'ఐ', చిన్నబడి 'ఎల్', అంకె 1 పక్కపక్కన, ఆపైన పెద్దబడి 'ఓ', సున్నా పక్కపక్కన టైప్ చేసి చూడండి. ఏరియల్, హెల్వెటికాల్లో మొదటి రెండూ కవల పిల్లలే. వర్డానా, టహోమాల్లో పెద్దబడి 'ఐ'కి పైనా కిందా అడ్డగీతలుంటాయి, తికమక ఉండదు. గ్రంథాలయం సైట్ కాబట్టి ఇది మీకు తప్పకుండా అక్కరకొస్తుంది.

కృష్ణాతీరం:
పుస్తకానికి సెరిఫ్, స్క్రీన్‌కి సాన్స్ అని ఒక సూత్రం అంటారు కదా. అది పాటించాలా?

వెబ్‌నేత:
అలవాటే, సూత్రమేం కాదు. కంప్యూటర్ స్క్రీన్ మీద చుక్కలు తక్కువగా ఉన్న రోజుల్లో సెరిఫ్‌లు సరిగా పడేవి కావు, అందుకని సాన్స్ అన్నారు. అదే 1996లో స్క్రీన్ కోసమే జార్జియా అనే సెరిఫ్‌ని కూడా చేశారు, అది బాగానే పడింది. ఇప్పటి ఫోన్ల మీద రెండూ ఒకటే. సైజు, వరసల ఎడం, వరస పొడవు సరిగా లేకపోతే ఏ వర్గమూ కాపాడదు.

గుడిదీర్ఘం:
తెలుగు సంగతికి వస్తా.

తెలుగు అక్షరానికి సెరిఫ్ లేదు. తలకట్టు సెరిఫ్ కాదు, అది అక్షరంలో భాగం. తీసేస్తే అక్షరం మారిపోతుంది. నోటో వాళ్లు సెరిఫ్ అని పెట్టింది లాటిన్ నోటో సెరిఫ్‌తో జత కుదరడానికి. లోపల జరిగింది గీత మందంలో హెచ్చుతగ్గులు పెట్టడం. నోటో సాన్స్ తెలుగులో గీత అంతటా దాదాపు ఒకే లావు. 'క' ఒక్కటి రెండిటిలో 100 పాయింట్లకు పెంచి పక్కన పెట్టండి, వెంటనే తెలిసిపోతుంది.

కాబట్టి వోక్స్ పట్టికని తెలుగు మీద మోపడం అనవసరం. నా లెక్క వేరే.

గీత ఒకే మందమా, హెచ్చుతగ్గులా? ఇది పేజీ రంగుని, అంటే మ్యాటర్ మొత్తంగా ఎంత నల్లగా కనిపిస్తుందన్నదాన్ని, నిర్ణయిస్తుంది. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు ఒకే మందం వైపు. నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు హెచ్చుతగ్గుల వైపు, ఇవి పాత అచ్చు పుస్తకం చూపుకి దగ్గర.

తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు ఎంత? 'ప', 'వ' మధ్య తేడా అంతా ఈ సందులోనే ఉంది. 'ప'కి తలకట్టు విడిగా, 'వ'కి అంటుకుని. లావు ఫాంట్లలో ఈ సందు మూసుకుపోతే 'పాలు' కాస్తా 'వాలు' అవుతుంది. 'ష' లోపలి గీత, 'థ' మధ్య చుక్క, 'ధ', 'భ' కింది ఒత్తు కూడా ఇంతే. శీర్షిక ఫాంట్ ఎంచేటప్పుడు 'ద థ ధ, ప వ ష ఫ, బ భ, డ ఢ' వరస వేసి, కావాల్సిన సైజులో అచ్చు తీసి, చేయి చాచి పట్టుకుని చూడండి.

వత్తులు ఎక్కడ కూర్చున్నాయి? కొన్నిటిలో పూర్తిగా కిందికి దిగుతాయి, కొన్నిటిలో పక్కకు జరిగి చిన్నవవుతాయి. కిందికి దిగేవి అందం, కానీ వరసల మధ్య జాగా తింటాయి. పక్కకు జరిగేవి పత్రికకీ ఫోన్‌కీ నయం.

ఏ తెలుగు ఫాంట్ అయినా కొనే ముందు, దించుకునే ముందు ఈ మాటలు వేసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, వాఙ్మయం, త్రైమాసికం, కృష్ణ, శ్రౌతం. 'త్రై'లో ఐత్వం కింది ముక్కా రవత్తూ ఢీకొంటున్నాయా? 'జ్యోత్స్న'లో మూడో అంతస్తు కింది వరసని తాకుతోందా? సగం ఫాంట్లు ఇక్కడే దొరికిపోతాయి.

నిజాంపేట:
@గుడిదీర్ఘం, మంచిగ చెప్పినవ్ అన్నా. శీర్షికలకు రామభద్ర వాడొచ్చా?

గుడిదీర్ఘం:
శీర్షికకే చేసిన ఫాంట్ అది, నిక్షేపంగా వాడొచ్చు. ఒకే బరువులో, అంటే ఒకే లావులో, వస్తుంది. పేరాలో మాత్రం పెట్టొద్దు. 14 పాయింట్ల కిందికి దిగితే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

శీర్షిక వరసలో పట్టకపోతే అడ్డంగా 80 శాతానికి నొక్కేస్తారు చూడండి, అది మాత్రం చేయొద్దు. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ గీతలు అలాగే ఉంటాయి, గుండ్రని అక్షరం కోడిగుడ్డులా నిలబడుతుంది. ఇరుకు కావాలంటే అనేక్ తెలుగు తీసుకోండి. దానికి వెడల్పు యాక్సిస్ 75 నుంచి 125 వరకు, బరువు 100 నుంచి 800 వరకు ఉంది. వెడల్పు 75 దగ్గర కూడా గీతల మందం డిజైనర్ సరిచూసి పెట్టిందే.

వెబ్‌నేత:
రామభద్ర మీద ఒక హెచ్చరిక. వెబ్ పేజీలో శీర్షిక ట్యాగ్‌లకు బ్రౌజర్ తనంతట తాను బోల్డ్ పెడుతుంది. ఫాంట్‌లో బోల్డ్ లేదు కాబట్టి ఉన్న అక్షరాన్నే ఉబ్బించి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది. ఇప్పటికే లావుగా ఉన్నది ముద్దయిపోతుంది. శీర్షికకి ఫాంట్ వెయిట్ 400 అని విడిగా రాయండి, ఫాంట్ సింథసిస్‌ని నన్ అని పెట్టండి. మండలి లాంటి ఒకే బరువు ఫాంట్లన్నిటికీ ఇదే.

ఇటాలిక్ కూడా అంతే. తెలుగులో వాల్చి రాయడం మన అచ్చు సంప్రదాయం కాదు. ఇంగ్లీష్ నుంచి వచ్చిన స్టైల్ షీట్ పుస్తకాల పేర్లని ఇటాలిక్ చేస్తే తెలుగు అక్షరాలు పక్కకు పడబోతున్నట్టు కనిపిస్తాయి. తెలుగు భాగానికి మామూలు నిలువు అక్షరమే పెట్టి, కొటేషన్ గుర్తులు వాడండి.

రోలర్‌సిరా:
ఇప్పుడు పేజీ లెక్క. డెమీ 1/8 అంటే 5.5 × 8.5 అంగుళాలు. మార్జిన్లు పోగా మ్యాటర్ ఎత్తు 6.75 అంగుళాలు, అంటే 486 పాయింట్లు అనుకోండి. తెలుగు 12 పాయింట్లు, వరసకి 18 పాయింట్లు పెడితే పేజీకి 27 వరసలు. వత్తులు తగులుతున్నాయని 20 పాయింట్లు చేస్తే 24 వరసలే. అప్పుడు 96 పేజీల మ్యాటర్ 108 పేజీలకు పాకుతుంది. 16 పేజీల ఫారం లెక్కన 96 అంటే సరిగ్గా 6 ఫారాలు. 108కి 7 ఫారాలు కావాలి, 4 పేజీలు ఖాళీ. అంటే వత్తులు లోతుగా దిగే ఫాంట్ ఎంచుకుంటే మీకు ఒక ఫారం ఖర్చు ఎక్కువ. ఫాంట్ ముందు ఖాయం చేసి, రెండు పేజీలు కట్టి చూసుకుని, ఆ తర్వాతే ఎస్టిమేట్ అడగండి.

అచ్చుతప్పు:
ఒకే పేరాలో రెండు లిపులు కలిసే చోట ఇంకో చిక్కు. ఒకే పాయింట్ సైజు పెడితే ఇంగ్లీష్ పెద్దబడి అక్షరాలు తెలుగు మీద పెత్తనం చేస్తాయి. తెలుగు 12 అయితే ఇంగ్లీష్ 10.5 లేదా 11 దగ్గర మొదలుపెట్టండి, చిన్నబడి అక్షరాలు పొట్టిగా ఉండే ఈబీ గారమాండ్‌కైతే రోలర్‌సిరా గారు చెప్పిన 11.5. 'క' ఒంటి ఎత్తు కంటే ఇంగ్లీష్ చిన్నబడి 'ఎక్స్' ఎత్తు కొంచెం తక్కువగా ఉండేట్టు సర్దండి. మందం కూడా సరిచూడాలి. ఒకే మందం తెలుగు పక్కన బొడోని పెడితే ఇద్దరు వేర్వేరు మనుషులు అతికించిన పేజీలా ఉంటుంది. హెచ్చుతగ్గులున్న తెలుగుకి గారాల్డ్ లేదా ట్రాన్సిషనల్, ఒకే మందం తెలుగుకి హ్యూమనిస్ట్ సాన్స్. జామెట్రిక్ సాన్స్ తెలుగు గుండ్రదనానికి కుదురుతుందని చాలామంది అనుకుంటారు, నాకైతే నచ్చదు. తెలుగు వంపుల్లో ఏదీ కంపాస్ వృత్తం కాదు.

ఇన్‌డిజైన్‌లో అయితే తెలుగు పేరా స్టైల్‌లో గ్రెప్ స్టైల్ పెట్టి, ఇంగ్లీష్ అక్షరాలు ఎక్కడొచ్చినా వేరే క్యారెక్టర్ స్టైల్ పడేట్టు చేయండి. చేత్తో ఒక్కొక్కటి మార్చే పని తప్పుతుంది. అంతకంటే ముందు పేరా మెనూలో అడోబీ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. మామూలు కంపోజర్‌లో వత్తులు విడిపోయి పక్కన పొల్లు అక్షరాలుగా నిలబడతాయి. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయాలి.

కృష్ణాతీరం:
పాత వ్యాసాలు కొన్ని పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని నోటో సెరిఫ్‌కి మార్చగానే ఇంగ్లీష్ పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఇది వర్గం తేడానా?

గుడిదీర్ఘం:
వర్గంతో సంబంధం లేదండీ, అది ఎన్‌కోడింగ్ తేడా. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫైల్లో నిజంగా ఉన్నది ఇంగ్లీష్ గుర్తులే. ఫాంట్ మారగానే ముసుగు ఊడిపోతుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) మార్చి, తర్వాతే ఫాంట్ ఎంచాలి. మార్చాక అరసున్నలు, పొల్లులు, రెండు వత్తుల గుత్తులు, కొటేషన్ గుర్తులు తప్పనిసరిగా ప్రూఫ్ చూడాలి. తప్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగు చూపించదు, కాబట్టి ఆ ఫైళ్లని అందులోనే ఉంచి లాభం లేదు.

ఇంకొకటి, 'సాఫ్ట్‌వేర్', 'వెబ్‌సైట్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. లేకపోతే 'వ' కాస్తా వత్తై కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అవుతుంది. కన్వర్టర్లు దీన్ని తరచూ వదిలేస్తాయి.

వెబ్‌నేత:
వెబ్‌లో ఫాంట్‌ని ముక్కలు చేసి పంపేటప్పుడు కూడా ఆ గుర్తుని మర్చిపోవద్దు. యూనికోడ్ రేంజ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ అని రాసి ఊరుకుంటారు. 200సీ (ఆ నాన్ జాయినరే), 200డీ (జాయినర్), 25సీసీ (చుక్కల వలయం) కూడా కలపండి.

ఫాంట్ల వరసలో ఇంగ్లీష్ ఫాంట్ ముందు, తెలుగు తర్వాత. తెలుగు ఫాంట్ ముందు రాస్తే దాంట్లో ఉన్న లాటిన్ అక్షరాలే ఇంగ్లీష్ మ్యాటర్‌కి పడతాయి. తెలుగు 17 లేదా 18 పిక్సెల్స్, వరస ఎత్తు 1.7. అక్షరాల మధ్య ఎడం సున్నా. ఇంగ్లీష్ శీర్షికకి పెట్టిన లెటర్ స్పేసింగ్ తెలుగుకి అంటితే వత్తులు, గుణింతాలు చెదిరినట్టు కనిపిస్తాయి.

నిర్మలా యూఐ లాంటి విండోస్ ఫాంట్‌ని ఫైల్‌గా తీసి సర్వర్‌లో పెట్టడం లైసెన్స్‌కి విరుద్ధం. నోటో, అనేక్, టిరో లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, పెట్టుకోవచ్చు.

నిజాంపేట:
ఫ్లెక్స్ సంగతి మిగిలింది. దూరం లెక్క ఎట్ల?

రోలర్‌సిరా:
మోటు లెక్క ఒకటుంది: 10 అడుగుల దూరానికి 1 అంగుళం అక్షరం ఎత్తు. రోడ్డు అవతల 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు. తెలుగుకి ఆ ఎత్తు 'క' ఒంటికే కొలవాలి, గుడినీ వత్తునీ కలిపి కాదు. పైనా కిందా కలుపుకుంటే వరసకి సుమారు 12 అంగుళాలు పోతుంది. మీ ఫ్లెక్స్ 6 అడుగుల ఎత్తైతే 6 వరసలకు మించి పట్టవు. ఫోటోలు పెడితే 3. మిగతా పేర్ల జాబితా దగ్గరికొచ్చి చదువుకునేవాళ్లకే.

ఒకే మందం ఉన్న తెలుగు, మధ్యరకం బరువు. ఇంగ్లీష్‌కి హ్యూమనిస్ట్ సాన్స్. చేతిరాత ఫాంట్లు వద్దు. ముఖ్యంగా ఇంగ్లీష్ స్క్రిప్ట్ ఫాంట్‌లో అన్నీ పెద్దబడి అక్షరాలు వేయొద్దు. ఆ పెద్దక్షరాలు మాటకి మొదట ఒక్కటి ఉండేలా గీసినవి, వరసగా పేరిస్తే తీగల చిక్కే. పెళ్లిపత్రికల్లో రోజూ చూస్తున్నాం.

ఫైల్ ఇచ్చేటప్పుడు కర్వ్స్ చేసి, అంటే అక్షరాలని బొమ్మ గీతలుగా మార్చి, ఇవ్వండి. ఫ్లెక్స్ షాపుల్లో కోరెల్ డ్రా పాత వెర్షన్ ఉంటే యూనికోడ్ తెలుగు తెరవగానే వత్తులు చెల్లాచెదురవుతాయి. కర్వ్స్ చేయని కాపీ మీ దగ్గర వేరే ఉంచుకోండి, తర్వాత అక్షరం మార్చాలంటే అదే దిక్కు.

కృష్ణాతీరం:
లోపలికి టిరో తెలుగు 12/18, ఇంగ్లీష్‌కి ఈబీ గారమాండ్ 11.5, శీర్షికలకు అనేక్ తెలుగు అనుకుంటున్నాను. రేపు రెండు పేజీలు కట్టి చూస్తా. కవరు మీద ముదురు నీలం, దాని మీద తెల్ల అక్షరాలు. ఏమైనా జాగ్రత్త?

రోలర్‌సిరా:
12/18లో 'రాష్ట్రం', 'జ్యోత్స్న' ఉన్న వరస కింద 'శ్రీ' లాంటి గుడిదీర్ఘం వచ్చేట్టు ఒక పేరా కావాలని వేసి చూడండి, తాకితే 12/18.5. అప్పటికి 26 వరసలే, 96 పేజీల మ్యాటర్ దాదాపు 100 పేజీలకు చేరుతుంది, ఫారం లెక్క మళ్లీ చూసుకోండి.

కవరు మీద ఆ నీలం రెండు మూడు సిరాలు కలిసి వస్తుంది. రిజిస్టర్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడటం, వెంట్రుకవాసి జరిగినా తెల్ల అక్షరం అంచుల్లో రంగు దూరుతుంది. 14 పాయింట్ల కింద తెల్ల అక్షరాలుంటే టిరో వద్దు, అనేక్ తెలుగు 500 బరువు పెట్టండి. వెనక అట్ట మీద ధర, చిరునామా లాంటి చిన్న మ్యాటర్‌కి తెల్ల పట్టీ వదిలి దాని మీద నలుపు 100 శాతం ఒక్కటే వేయండి, నాలుగు రంగుల నలుపు కాదు. పీడీఎఫ్ పంపే ముందు ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిచి ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ (ఫాంట్ ఫైల్లోనే ఇమిడి ఉంది) అని ఉందో లేదో చూడండి.